కారు షెడ్డుకు కప్పిన దుప్పటి



పోయిన వేసవిలో మా ఇంట్లో ఒక పని జరిగింది. పనికి వచ్చినవాడు నా పాత శిష్యుడు. తప్పు చేసినవాణ్ణి నేను. ముప్ఫై ఆరేళ్ళు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి, హెడ్మాష్టరుగా రిటైరయినవాణ్ణి గదా, ఈ సంగతి మీకు చెప్పాలా వద్దా అని కొంచెం తటపటాయించాను. చెప్పవలసిందేనని మా మనుమరాలు తీర్పు ఇచ్చింది. దెబ్బ తిన్నది అదే గనుక, దాని మాట కాదనడానికి లేదు.

మా ఇంటి పక్కన ఒక కారు షెడ్డు ఉన్నది. మా తమ్ముడు ఈ ఊళ్ళో ఉద్యోగం చేసే రోజుల్లో తన అంబాసిడరు కారు కోసం దాన్ని కట్టించాడు. తరవాత వాడికి బదిలీ అయింది, కారు అమ్ముడుపోయింది. షెడ్డులోకి విరిగిన కుర్చీలు, పాత రుబ్బురోలు, ఖాళీ గోతాలు చేరాయి. మూడువైపులా ఇటుక గోడలు, ముందు ఇనప షట్టరు, పైన జింకు పూసిన ఇనప రేకులు. ఒక మూల ఒక బల్బు, దాని కింద ఒక ప్లగ్గు. ఇంతే. కారుకు ఉక్కపోయదు, చెమట పట్టదు. అందుచేత ఆ షెడ్డు ఎంత వేడెక్కుతుందో ఎవరూ పట్టించుకోలేదు.

నా దగ్గర నాలుగు బీరువాల పుస్తకాలున్నాయి. వీధిలో పిల్లలు వచ్చి చదువుకుంటామన్నారు. ఇంట్లో చోటు లేదు. "షెడ్డును చదువుకునే గది చేద్దాం, తాతయ్యా!" అన్నది మా మనుమరాలు. సరేనన్నాను.

షెడ్డు శుభ్రం చేసే రోజున పిల్లలు నేల కడిగారు. త్వరగా ఆరుతుందని నేను ఇంట్లో నుంచి పాత టేబుల్ ఫాను తెచ్చాను. ఫాను తీగ చివర మూడు పిన్నులున్నాయి. షెడ్డులోని ప్లగ్గుకు రెండే రంధ్రాలు. నేనేం చేశానో తెలుసునా? మూడు పిన్నులది తీసివేసి, రెండు పిన్నులది బిగించాను. మూడో తీగ ఆకుపచ్చ తీగ. దానికి పని లేదు గదా అని కత్తిరించివేశాను. పది నిమిషాలలో ఫాను తిరిగింది. "తాతయ్యకు అన్నీ వచ్చు!" అని పిల్లలు మెచ్చుకున్నారు గూడా.

కాసేపటికి మా మనుమరాలు తడినేల మీద ఉత్తకాళ్ళతో నిలబడి, ఫానును పక్కకు తిప్పబోయింది. ఒక్క కేక పెట్టి వెనక్కు పడిపోయింది. అదృష్టం కొద్దీ చెయ్యి విడివడింది. కరెంటు తగిలినప్పుడు కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్న వస్తువును వదలలేకపోవడం కద్దు. అటువంటప్పుడు మనం వెళ్ళి ఆ మనిషిని పట్టుకోగూడదు. ముందు మెయిన్ స్విచ్చి ఆపాలి. మీరు పెద్దవాళ్ళను కేకవేసి, ఆ మాటే చెప్పండి. డాక్టరుగారు చూసి భయం లేదన్నారు. కాని, పిల్ల చెయ్యి సాయంకాలం దాకా మొద్దుబారి ఉన్నది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

జరిగిందేమిటంటే, ఫాను లోపల ఒకచోట తీగ మీది తొడుగు అరిగిపోయి, రాగి తీగ ఫాను ఇనప ఒంటికి తగులుతున్నది. ఆకుపచ్చ తీగ, అంటే ఎర్త్ తీగ, ఉండి ఉంటే ఆ కరెంటు దాని గుండా భూమిలోకి పోయేది. నేను ఆ దారి మూసివేశాను. దారి లేక ఫాను ఒంటిమీద కాచుకుని ఉన్న కరెంటుకు తడికాళ్ళ పిల్ల దారి అయింది. ఎర్త్ తీగ బొమ్మను నల్లబల్ల మీద ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు. వేసిన చెయ్యే దాన్ని కత్తిరించింది!

షెడ్డులో కరెంటు తీగలన్నీ తీసివేయించి కొత్తవి వేయించాలని అప్పుడే నిశ్చయించుకున్నాను. అయితే అంతకుముందు ఎండ సంగతి చూడాలి. మాది పల్నాడు. రెంటచింతల ఎండల గురించి మీరు వార్తలలో వినే ఉంటారు. మే నెలలో ఒక మధ్యాహ్నం రెండు గంటలకు వరండాలో నీడన ఉష్ణమాపకం పెడితే 42 డిగ్రీలు చూపించింది. షెడ్డులో, రేకుకు జానెడు కింద వేలాడదీస్తే 51 డిగ్రీలు!

నీడలో ఉన్న గది బయటి నీడకన్నా వేడిగా ఎందుకుండాలి? మీరు అటువంటి రేకుల కింద నిలబడి, అరచేతిని పైకెత్తి చూడండి. పొయ్యి ముందు చెయ్యి పెట్టినట్లుంటుంది. చేతిని బోర్లించగానే ఆ సెగ తగ్గుతుంది. అంటే రేకు గాలిని వేడిచేయడమే గాక, పొయ్యి లాగా వేడి కిరణాలను కూడా కిందికి చిమ్ముతున్నదన్నమాట. ఎండ రేకును కాలుస్తుంది, రేకు మనలను కాలుస్తుంది.

కనుక మొదట రేకుల మీద తెల్లసున్నం వేయించాను. తెలుపు ఎండను చాలావరకు వెనక్కు కొడుతుంది. ఇది అన్నిటికన్నా చవక. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల కోసం ఒక విధానమే ప్రకటించింది. దానిలో ముఖ్యమైన సంగతి ఇదే. ఎండను వెనక్కు కొట్టే కప్పు కావాలని.

తరవాత లోపల దుప్పటి కప్పాలన్నాను. పిల్లలు నవ్వారు.

"దుప్పటి కప్పితే వెచ్చగా ఉంటుంది గదా, మాష్టారూ! షెడ్డు ఎట్లా చల్లబడుతుంది?" అన్నాడొకడు.

మంచి ప్రశ్న. ఐసుగడ్డ అమ్మేవాడు దాన్ని రంపపు పొట్టులో పెట్టి గోనె ఎందుకు కప్పుతాడు? ఐసుకు చలి వేస్తుందనా? దుప్పటికి వేడి పుట్టించే శక్తి లేదు. వేడిని అటునుంచి ఇటు, ఇటునుంచి అటు పోనివ్వదు, అంతే. చలికాలంలో మన ఒంటి వేడి బయటికి పోదు. ఎండలో బయటి వేడి ఐసులోకి పోదు.

దుప్పటిలో వేడిని ఆపేది నిజానికి నూలు కాదు. పోగుల మధ్య కదలకుండా చిక్కుకున్న గాలి. కదలని గాలికన్నా ఇటుక 20 రెట్లకు పైగా, ఇనుము 1000 రెట్లకు పైగా సులభంగా వేడిని పోనిస్తాయి. చలికి పిచ్చిక ఈకలు ఉబ్బించి బంతిలాగా కూర్చోవడం చూశారా? ఈకల మధ్య గాలిని పట్టుకుంటున్నది. తాటాకు ఇల్లు చల్లగా ఉండేదీ అందుకే. ఆకు మీద ఆకు, మధ్య గాలి. ఇటువంటి వస్తువులను ఉష్ణబంధకాలంటాము. థర్మోకోల్ పలక ఉన్నది చూశారూ, అందులో నూటికి 98 వంతులు గాలే. మనం డబ్బిచ్చి కొనేది గాలి బుడగలను!

నేను థర్మోకోల్ పలకలు కొన్నాను. వాటి మీదికి మెరిసే అల్యూమినియం పరుపు ఒకటి కొన్నాను. అద్దం వెలుతురును వెనక్కు పంపినట్లు, మెరిసే అల్యూమినియం రేకు తనమీద పడే వేడి కిరణాలలో నూటికి 90కి పైగా వెనక్కు పంపుతుంది. రెండూ కలిస్తే ఇక ఎండ ఆటలు సాగవు గదా! పలకలలో చాకుతో సన్నని కాలువలు కూడా కోశాను. కరెంటు తీగలను ఆ కాలువలలో పడుకోబెడితే, ప్లాస్టిక్ పైపుల ఖర్చు మిగులుతుంది. నా ఉపాయం చూసుకుని నాకే ముచ్చట వేసింది.

మర్నాడు కరెంటు పని మేస్త్రీ వచ్చాడు. ఇరవై ఏళ్ళ క్రితం నా దగ్గర పదో తరగతి చదివి, తరవాత ఐటీఐలో కరెంటు పని నేర్చుకున్నవాడు. నా కాలువలను చూసి, తల గోక్కున్నాడు.

"మాష్టారూ, కోప్పడనంటే ఒక్కమాట చెప్తాను."

"చెప్పరా."

వాడు సంచీలో వెతికి, ఒక పాత తీగ ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. ఒక దుకాణం సీలింగులో, థర్మోకోల్‌కు ఆనుకుని కొన్నేళ్ళు ఉన్నదట. "కొంచెం వంచండి" అన్నాడు. వంచాను. పై తొడుగు పటుక్కున విరిగి, లోపలి రాగి బయటపడింది.

తీగల మీద ఉండేది పీవీసీ తొడుగు. పీవీసీ స్వతహాగా గట్టిది. అది మెత్తగా, వంగేటట్లుగా ఉండటానికి అందులో ఒక విధమైన నూనె వంటి పదార్థం కలుపుతారు. పీవీసీ థర్మోకోల్‌ను ఆనుకుని ఉంటే, ఆ పదార్థం మెల్లమెల్లగా థర్మోకోల్‌లోకి దిగిపోతుంది. థర్మోకోల్ జిగటగా కరిగిపోతుంది, తీగ తొడుగు పెళుసుబారుతుంది. నా కాలువలలో తీగలు చేసేది అదే! ఈ సంగతి నాకు తెలియదు. ఏ పాఠ్యపుస్తకంలోనూ నేను చదవలేదు. నా శిష్యుడు నిచ్చెన మీద నేర్చుకున్నాడు.

"అట్లా తొడుగు విరిగి, రాగి మీ అల్యూమినియం పరుపుకు తగిలితే?" అన్నాడు వాడు.

నాకు ఒళ్ళు జలదరించింది. అల్యూమినియం వేడి కిరణాలకు అడ్డమే గాని, కరెంటుకు రాజబాట. ఒక్కచోట తగిలితే సీలింగు మొత్తానికి కరెంటు వస్తుంది. వేడికి అడ్డుపడే ప్రతి వస్తువూ కరెంటుకు అడ్డుపడదు. రెండు చోట్లా బంధకం అనే మాట వాడి, నేనే మోసపోయాను.

కరెంటును ఏది పోనిస్తుంది, ఏది పోనివ్వదు అనే భేదాన్ని బయటపెట్టినవాడు స్టీఫెన్ గ్రే అనే ఇంగ్లీషాయన. ఆయన బట్టలకు రంగులు వేసే వృత్తివాడు. 1729లో ఆయన, గాజు గొట్టాన్ని రుద్ది పుట్టించిన విద్యుత్తును ఒక పొడుగాటి జనపతాడు గుండా పంపుతున్నాడు. తాడును పట్టుదారాలతో వేలాడదీశాడు. సన్నని దారం గనుక దానిగుండా విద్యుత్తు ఎక్కువగా కారిపోదని ఆయన లెక్క. తాడు బరువుకు దారాలు తెగాయి. సరే, అంత సన్నగానే ఉండి గట్టిగా ఉండే ఇత్తడి తీగలు కట్టాడు. చిత్రం! విద్యుత్తు తాడు చివరికి చేరనే లేదు. ఇత్తడి గుండా మొత్తం పారిపోయింది. దారం సన్నదనంలో లేదు, పట్టులో ఉన్నది రహస్యమంతా! తెగిన దారం ఆయనకు ఇంత నేర్పింది. మన గూడూరు ప్రాంతంలో దొరికే అభ్రకం కూడా కరెంటును పోనివ్వదు. పైగా చాలా వేడికి తట్టుకుంటుంది. అందుకనే ఇస్త్రీపెట్టెలలో కాలే తీగకు ఆధారంగా దాన్ని వాడేవారు.

మా మేస్త్రీ ఇంకా వదలలేదు. "మీరు చెప్పిన జూల్ సూత్రమే, మాష్టారూ" అని మొదలుపెట్టాడు. కరెంటు పారే ప్రతి తీగా కొంచెం వేడెక్కుతుంది. కరెంటు రెట్టింపయితే వేడి నాలుగు రెట్లవుతుంది. ఆ వేడి గాలిలోకి పోతుంది గనుక తీగకు ప్రమాదం లేదు. మరి, దుప్పటి కప్పితే? ఇంట్లోకి వేడి రానివ్వని దుప్పటి తీగలోని వేడిని బయటికి పోనివ్వదు గదా! వాడు గోడమీద బొగ్గుతో లెక్క వేశాడు. మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. రేకు కింద ఇప్పటికే 51. మిగిలింది 19. "రేపు ఎవరో ఒకరు ఇక్కడ ఏసీ పెడతారు. 8 ఆంపియర్లు లాగుతుంది. 19 డిగ్రీలు ఒక మూలకు రావు" అన్నాడు. పైగా థర్మోకోల్ నిప్పంటుకుంటే నల్లని పొగతో మండుతుంది.

పదో తరగతిలో ఈ లెక్కకు వాడికి ఎన్ని మార్కులు వేశానో గుర్తులేదు. ఇప్పుడయితే నూటికి నూరు.

ఆ రాత్రి ఒక సంగతి చదివి, మళ్ళీ నిద్ర పోగొట్టుకున్నాను. 2009లో ఆస్ట్రేలియా ప్రభుత్వం ఇళ్ళ పైకప్పులకు ఉష్ణబంధకాలు వేయించే కార్యక్రమం పెద్దఎత్తున మొదలుపెట్టింది. మంచి ఉద్దేశమే. కాని పని తొందరలో, సరిగా శిక్షణ లేని కుర్రవాళ్ళను అటకలు ఎక్కించారు. నలుగురు యువకులు చనిపోయారు. ఒకరు వేడికి తాళలేక, ముగ్గురు కరెంటు తగిలి. అల్యూమినియం రేకును బిగించేటప్పుడు లోహపు పిన్ను కరెంటు తీగలోకి దిగడం కూడా ఈ మరణాలకు ఒక కారణం. 2010 ఫిబ్రవరిలో ఆ కార్యక్రమాన్ని ఆపివేశారు. మా మేస్త్రీ ఆ కుర్రవాళ్ళ ఈడులో ఉన్నప్పుడు, వాడితో ఎవరయినా ఇటువంటి పని చేయించి ఉంటే?

తెల్లవారి థర్మోకోల్‌ను దుకాణానికి తిప్పి పంపాను. కాలువలు కోసిన పలకలను దుకాణదారు తీసుకోనన్నాడు. అవి పిల్లల బొమ్మల కొలువుకు కొండలయినాయి.

వాటి బదులు రాతి ఉన్ని తెచ్చాము. పేరు విని ఆశ్చర్యపోకండి. నల్లరాయి వంటి రాతిని కొలిమిలో కరిగించి, గిరగిర తిప్పి, పీచు మిఠాయిలాగా పోగులు తీస్తారు. పోగుల మధ్య మళ్ళీ మన పాత స్నేహితుడు, కదలని గాలి. రాయి గనుక మండదు. కాని, ఆ పోగులు చర్మానికి దురద పెడతాయి, గొంతులోకి పోతాయి. పనివాళ్ళు చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకున్నారు. పిల్లలను లోపలికి రానివ్వలేదు. (మీ ఇంటి పైన ఉన్నవి సిమెంటు రేకులయితే, అందులో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. వాటిని కోయటం, రంధ్రాలు వేయటం ఎవరినీ చేయనివ్వవద్దు. ఆ ధూళి ఊపిరితిత్తులకు చాలా చెడ్డది, క్యాన్సరు తెస్తుంది.)

కింద జిప్సం పలకల సీలింగు, దానిపై రాతి ఉన్ని, ఉన్నికి రేకుకు మధ్య జానెడు ఖాళీ. ఆ ఖాళీలో వేడెక్కిన గాలి బయటికి పోవటానికి రెండు చివరలా జాలీలు. జాలీలకు సన్నని వల, లేకపోతే ఉడతలు దూరి తీగలు కొరుకుతాయి. షట్టరు తీసివేసి గోడ కట్టించి, కిటికీ, తలుపు పెట్టించాము. పడమటి గోడకు ఒక పందిరి వేసి దొండపాదు పాకించాము. కాయలు అదనపు లాభం.

తీగలను మేస్త్రీ ఉన్నిలో పెట్టనే లేదు. అన్నీ పైపులలో వేసి, సీలింగుకు కింద, గోడ మీదనే పరిగెత్తించాడు. ఫానుకు పోయే ఒక్క తీగ మాత్రం సీలింగులోకి పోవాలి. దానికీ పైపు తొడిగి, చుట్టూ ఉన్నిని కొంచెం దూరం జరిపాడు. చూడటానికి అందంగా లేదని మా తమ్ముడు ఫోనులో సణిగాడు. వాడు చదువుకోబోయేది ఆ గదిలో కాదు గదా!

ఎర్త్ కోసం పెరట్లో గొయ్యి తవ్వి, ఎనిమిది అడుగుల ఇనప పైపు దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు వరసలు వరసలుగా నింపారు. తడి నేల కరెంటును బాగా పోనిస్తుంది గనుక, వేసవిలో అందులో నీళ్ళు పోస్తూ ఉండాలి. ఆ పని వీధి పిల్లలు వంతులు వేసుకున్నారు.

చివరికి ఒక చిన్న పెట్టె బిగించాడు. దాన్ని ఆర్‌సీసీబీ అంటారు. దీని సంగతి చెప్పి తీరాలి. ఫ్యూజు ఉన్నది గదా, అది చాలదా అని మీరడగవచ్చు. పాతకాలపు 60 వాట్ల బల్బు గుండా సుమారు 260 మిల్లీ ఆంపియర్ల కరెంటు పోతుంది. అందులో తొమ్మిదో వంతు, అంటే 30 మిల్లీ ఆంపియర్లు దాటి మనిషి గుండె మీదుగా పోతే ప్రాణానికే ముప్పు. ఫ్యూజు సంగతి చూడండి. 5 ఆంపియర్ల ఫ్యూజు 5000 మిల్లీ ఆంపియర్లు దాటితే గాని కరగదు. మా మనుమరాలు పడిపోయినప్పుడు షెడ్డులో ఫ్యూజు చెక్కుచెదరలేదు! దాని పని తీగను కాపాడటం. మనిషిని కాపాడటం ఈ చిన్న పెట్టె పని. కొట్లో గుమాస్తా పొద్దున ఎంత డబ్బు ఇచ్చాడో, ఎంత తిరిగివచ్చిందో సరిచూసినట్లు, ఇది వెళ్ళే కరెంటును, తిరిగివచ్చే కరెంటును క్షణక్షణమూ సరిచూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లు తక్కువ వచ్చిందా, ఎక్కడో ఎవరి గుండానో భూమిలోకి పోతున్నదన్నమాట. సెకనులో మూడో వంతు కాకముందే మొత్తం ఆపివేస్తుంది. దాని మీద ఒక పరీక్ష మీట ఉంటుంది. నెలకొకసారి నొక్కి చూడాలి. మా ఇంట్లో ఒకటో తారీఖున మా మనుమరాలు నన్ను నిలబెట్టి నొక్కిస్తుంది.

సీలింగు మూయకముందు పిల్లలు ఒక పని చేశారు. తీగలు ఎక్కడెక్కడ పోతున్నవో కొలిచి, పెద్ద కాగితం మీద పటం గీశారు. ఫేజు ఎరుపు, న్యూట్రలు నలుపు, ఎర్త్ ఆకుపచ్చ. పటాన్ని అద్దం కట్టించి తలుపు వెనక తగిలించాము. రేపెవరయినా గోడకు మేకు కొట్టాలనుకుంటే ముందు దాన్ని చూడాలి.

మొన్న మే నెలలో మళ్ళీ ఉష్ణమాపకం పెట్టాను. వరండాలో 42 డిగ్రీలున్న మధ్యాహ్నం బల్ల దగ్గర 38. ఇది చల్లదనమేమీ కాదు. కాని, ఫాను కింద చదువుకోవచ్చు. అరచెయ్యి పైకెత్తితే సెగ తగలదు. సాయంకాలం మాత్రం తలుపు, కిటికీ బార్లా తెరవాలి, లేకపోతే దుప్పటి లోపలి వేడిని కూడా దాచుకుంటుంది.

కరెంటు పని మీరెవరూ స్వయంగా చేయబోకండి. చూసి తెలుసుకునేవి చాలా ఉన్నవి. ఈ నెల ఒకటి చూడండి. మీ ఇంట్లో మూడు పిన్నుల ప్లగ్గును పెద్దవాళ్ళ చేత గోడనుంచి తీయించి పరీక్షించండి. మూడింటిలో ఒక పిన్ను తక్కినవాటికన్నా పొడుగుగా, లావుగా ఉంటుంది. అది ఏ తీగది? పొడుగెందుకు, లావెందుకు? రెండింటికీ వేరువేరు కారణాలున్నవి. జవాబులు వచ్చే నెల.